అత్తగారి ఆట, నా దస్తూరి

మా అత్తగారు పోయిన తర్వాత కూడా చాలా రోజులపాటు, సాయంత్రం ఆరు కాగానే నా కుడిచెయ్యి తువ్వాలు కోసం వెతికేది. పద్దెనిమిదేళ్ళ అలవాటు మరి. ఆ వేళకు వంటింట్లో ఎంత పనిలో ఉన్నా, ముందుగదిలోంచి “అమ్మాయ్, గుర్తులు” అని కేక వినపడేది. స్టవ్వు తగ్గించి, చేతికి తడి లేకుండా తుడుచుకుని, గూట్లోంచి నోటుపుస్తకమూ పెన్సిలూ తీసుకుని వెళ్ళేదాన్ని. టీవీ తెర మీద నల్లటి పలకలో ఇరవై తెల్లటి గుర్తులు నిలబడి ఉండేవి. వాటిని ఉన్నవి ఉన్నట్టు దించుకోవాలి. దించడం అయ్యేదాకా ఆవిడ గట్టిగా ఊపిరి కూడా తీసేవారు కాదు. మర్నాడు నాలుగింటికి ఆ గుర్తులే మళ్ళీ ఎక్కిస్తే, ఆట నిన్న ఆగిన చోటునుంచి మొదలయ్యేది. ఒక్కటి తప్పినా మిషను “కుయ్” అని ఊరుకునేది.

ఆవిడ పోయాక కేక లేదు. చెయ్యి మాత్రం తుడుచుకునేదాన్ని. తుడుచుకున్నాక ఏం చెయ్యాలో తోచక మళ్ళీ కడుక్కునేదాన్ని.

అత్త లేని కోడలు ఉత్తమురాలు అంటారు. ఆ మాట పుట్టించినవాళ్ళ అత్తగారు వీడియో గేములు ఆడి ఉండరు.

మా అత్తగారు ఆస్పత్రిలో బట్టలు ఉతికే విభాగంలో ముప్పై ఏళ్ళు పనిచేశారు. దుప్పట్లు, దిండు గలేబులు, డాక్టర్ల తెల్లకోట్లు. మిషన్లో వేసే ముందు ప్రతి జేబూ తడిమి చూడటం ఆవిడ పని. పెన్నులు, ఉంగరాలు, నాలుగు మడతలు పెట్టిన ప్రేమలేఖలు, ఏది దొరికినా ఒక రేకు డబ్బాలో వేసి సాయంత్రం ఆఫీసు కిటికీ దగ్గర అప్పగించి ఇంటికొచ్చేవారు. కట్టుడుపళ్ళు దొరికిన రోజున మాత్రం “ఎవడో పాపం, ఈ పూట పెరుగుతో సరిపెట్టుకుంటాడు” అని భోజనం చేస్తున్నంతసేపూ నవ్వుకునేవారట. ఒకసారి ఒక నర్సు ఉంగరం పోయింది. పదిమంది ముందు మా అత్తగారి సంచీ బోర్లించి వెతికారు. మూడోరోజున అది మిషను అడుగున నీళ్ళు పోయే గొట్టంలో దొరికింది. దొరికిందన్నారు గానీ, సంచీ బోర్లించినందుకు ఎవరూ ఏమీ అనలేదు. ఈ సంగతి ఆవిడ నాకు చెప్పింది ఒక్కసారే, అదీ బఠాణీలు ఒలుస్తూ, తల ఎత్తకుండా.

ఆవిడ రిటైరైన ఏడాదే ఈ ఆట మా ఇంటికొచ్చింది. మేడమీద గదిలో అద్దెకున్న ఓడ ఉద్యోగి ఖాళీ చేసి వెళ్తూ ఒక జత బూట్లూ, ఒక టీవీ గేము మిషనూ, అందులో ఇరుక్కున్న ఒకే ఒక్క క్యాసెట్టూ వదిలేశాడు. బూట్లు మా ఆయనకు సరిపోలేదు. మిషను మా అత్తగారికి సరిగ్గా సరిపోయింది.

అందులో బొటనవేలంత మనిషి ఒకడు నీలం అంగీ వేసుకుని, చేతిలో కర్ర పట్టుకుని, ఊళ్ళూ అడవులూ తిరుగుతుంటాడు. దారిలో జిగురుముద్దల్లాంటి జంతువులు అడ్డం వస్తాయి. వాటిని కొడుతూ, కొట్టించుకుంటూ, సముద్రం అవతల కోటలో ఉన్న కొమ్ముల రాజు దగ్గరికి చేరాలి. ఇంతవరకూ బొమ్మలు చూస్తే తెలుస్తుంది. మిగతాదంతా రాతలో ఉంది. ఆ రాత ఏ దేశానిదో మాలో ఎవరికీ తెలియదు. ఆ బొమ్మ ఊళ్ళలో జనం ఎదురుపడి ఏదేదో చెప్తారు. ఏం చెప్తున్నారో మా అత్తగారే నిర్ణయించేవారు.

“ఈ గడ్డపాయన ఏమంటున్నాడు అత్తయ్యా?”

“వాళ్ళావిడ పుట్టింటికి పోయిందట. పొద్దుట్నించి వంట లేదంటున్నాడు.”

“నిన్న వేరే చెప్పారు కదా.”

“నిన్న ఇంకా పోలేదు.”

ఇరవై గుర్తులకూ మేమే పేర్లు పెట్టుకున్నాం. కొడవలి, కుంటికుర్చీ, కొంగమెడ, పళ్ళూడిన దువ్వెన, తోక తెగిన బల్లి. ఆవిడ తెర మీద వేలు పెట్టి పేరు చెప్తే నేను బొమ్మ దించేదాన్ని. మొదట్లో ఈ పని మా ఆయనకు అప్పగించారు. ఆయన చదువుకున్న మనిషి. దేన్ని చూసినా తనకు తెలిసిన అక్షరంలా దిద్దేసేవారు. వారంలో నాలుగుసార్లు మిషను కుయ్‌మంది. నేను ఐదో తరగతితో ఆపేశాను కాబట్టి దిద్దే తెలివి లేదు, ఉన్నది ఉన్నట్టు గీసేదాన్ని. పద్దెనిమిదేళ్ళలో నా దస్తూరి ఒక్కసారి కూడా తప్పలేదు. జీవితంలో నేను ఫస్టు వచ్చిన పరీక్ష అదొక్కటే.

ఆదివారాలు మాత్రం మిషను మా అత్తగారిది కాదు, వచ్చేపోయేవాళ్ళది. ఒకాయన తాళాలు బాగుచేసేవాడు. మా వీధితలుపు తాళం మార్చడానికొచ్చి, ముందుగదిలో ఆట చూసి, తాళం సగం బిగించి కూర్చుండిపోయాడు. రెండో ఆయన క్లినిక్కులో కాంపౌండరు. మా అత్తగారి మోకాలికి ఇంజక్షను ఇవ్వడానికొచ్చి, సూది ఎత్తి పట్టుకుని తెర చూస్తూ నిలబడ్డాడు. “ముందు నన్ను పొడిచి తర్వాత చూడు నాయనా” అన్నారు ఆవిడ. ఆనాటినుంచి ఇద్దరూ ప్రతి ఆదివారం వచ్చేవారు. ఎవరి గుర్తులు వారికి నా నోటుపుస్తకంలో వేరే పేజీల్లో ఉండేవి. ఎవరి అభిప్రాయం వారికి ఉండేది.

తాళాలాయనకు ఆ ఆటలో తాళంచెవుల మీద కోపం. అందులో తాళంచెవి ఒక్కసారి తిప్పగానే మాయమైపోతుంది. “ఇంత గొప్ప ఆట తయారుచేశారు గానీ, తాళాలు చేసేవాణ్ణి ఒక్కణ్ణి అడగలేదు పెద్దమ్మా. ఒకసారికే అరిగిపోయే తాళంచెవి నేను చేసిస్తే నా కొట్టు తగలబెట్టరా?”

కాంపౌండరుకు సత్రం మీద కోపం. “కత్తిపోటు, పాము విషం, నిప్పుల దెబ్బ, ఏదైనా సరే, ఒక రాత్రి సత్రంలో పడుకుంటే నయం. ఇక మా క్లినిక్కుకి ఎవడొస్తాడండీ?”

“మీ క్లినిక్కులో మూడు రాత్రులు పడుకున్నా నా మోకాలు నయం కాలేదు. ఆ సత్రం అడ్రసేదో కనుక్కో” అనేవారు మా అత్తగారు.

మా ఆయన ఆడేవారు కాదు. బస్సు డిపోలో రోజంతా టైర్లు విప్పి బిగించి వచ్చి, వార్తలు చూద్దామంటే టీవీ ఖాళీ ఉండేది కాదు. ఆయన అభిప్రాయమల్లా ఆటలో మోగే పాట గురించే. “పద్దెనిమిదేళ్ళుగా ఒకటే పాట. బస్సు రివర్సు తీసేటప్పుడు కూడా నా నోట్లో అదే వస్తోంది.” నా అభిప్రాయం ఎవరూ అడగలేదు గానీ, ఇప్పుడు చెప్తాను. ఆ లోకంలో తొమ్మిది ఊళ్ళున్నాయి, ఊరికి పదేసి ఇళ్ళున్నాయి, ఒక్క ఇంట్లోనూ పొయ్యి లేదు. అది చేసినవాళ్ళకు ఎవరో వేళకు వండిపెట్టి ఉంటారు.

ఇక మా అత్తగారి అభిప్రాయం. ఆ లోకంలో ప్రతి ఇంట్లో ఒక పెట్టె ఉంటుంది. మన మనిషి తలుపు తట్టకుండా లోపలికి వెళ్ళి, ఇంటివాళ్ళ కళ్ళెదుటే పెట్టె తెరిచి, ఉన్నది తీసుకుని బయటికొస్తే ఎవరూ ఏమీ అనరు. ఆట అలాగే ఆడాలట. తాళాలాయనా కాంపౌండరూ అలాగే ఆడేవారు. మా అత్తగారు మొదటిరోజు ఒక పెట్టె ముందు నిలబడి, మీట మీద వేలు పెట్టి, తీసేశారు.

“ఇది వాళ్ళ ఇల్లు కదా.”

“ఆటే కదా అత్తయ్యా.”

“ఆటలో అలవాటైతే చెయ్యి ఊరుకుంటుందా? ఎవరి కొడుకో గానీ, పెంపకం లేదు వీడికి. నేను పెంచుతాను.”

అలాగే పెంచారు. ఒక్క పెట్టె ముట్టుకోలేదు. వాళ్ళు పెట్టెల్లోంచి కత్తులూ డాళ్ళూ తెచ్చుకుంటుంటే, ఈవిడ వేలకొద్దీ జిగురుముద్దల్ని కొట్టి, సంపాదించి, కొట్లో కొనుక్కునేవారు. వాళ్ళు ఏడాదిలో దాటింది ఈవిడకు ఆరేళ్ళు పట్టేది. “పెద్దమ్మది ముక్కుసూటి ఆట” అని తాళాలాయన తన కొట్టుకొచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. వీధిలో మా అత్తగారికి ఆ పేరే స్థిరపడింది, ముక్కుసూటి పెద్దమ్మ అని. ఆవిడ వినీ విననట్టు ఉండేవారు, కాని ఆ రోజు టీలో పంచదార ఒక చెంచా ఎక్కువ వేయమనేవారు.

చీకటిగుహ దగ్గర వచ్చింది చిక్కు. కోటకు వెళ్ళే దారి అందులోంచే. లోపల తెరంతా నలుపు, మన మనిషి నిలబడ్డ గడి ఒక్కటే కనపడుతుంది. దీపం ఉంటే చుట్టూ నాలుగు గడులు కనపడతాయి. ఆ దీపం ఏ కొట్లోనూ అమ్మరు. బావి పక్కన ఒంటరిగా ఉండే ముసలమ్మ ఇంట్లో, పెట్టెలో ఉంది. మా అత్తగారు రెండేళ్ళపాటు దీపం లేకుండా ఆ గుహలో గోడలకు గుద్దుకున్నారు. రెండు గంటలు గుద్దుకుని, ఆ కోపం ఆరు దాటాక నా మీద తీర్చేవారు. కూరలో ఉప్పు తక్కువ, టీలో నీళ్ళెక్కువ, నేను తలుపు వేసే చప్పుడు ఎక్కువ. చివరికి ఒకరోజు “నీ నవ్వు కూడా ఈ మధ్య వంకరగా ఉంది” అన్నారు. అప్పుడు నేను నవ్వడం లేదు.

ఇంట్లో కాస్త ప్రశాంతత కోసం నేను దొంగతనం చేశాను.

ఒక బుధవారం ఆవిడ ఆట మానుకుని క్లినిక్కుకి, ఇంజక్షనుకి వెళ్ళారు. నేను మిషను పెట్టి, ఆవిడ గుర్తులు ఎక్కించి, మన మనిషిని నడిపించుకుంటూ బావి పక్క ఇంటికి తీసుకెళ్ళాను. ముసలమ్మ తెల్లజుట్టుతో మూల నిలబడి ఉంది. పెట్టె తెరిచాను. దీపం వచ్చింది. ముసలమ్మ ఎప్పుడూ చెప్పే మాటే చెప్పింది. ఏం చెప్పిందో అనువదించేవారు ఇంట్లో లేరు. మన మనిషిని మళ్ళీ గుహ ముందుకు తెచ్చి నిలబెట్టి, కొత్త గుర్తులు దించి, పాత పేజీ చింపి పొయ్యిలో వేసి, మిషను కట్టేసి, వంకాయలు తరుగుతూ కూర్చున్నాను.

మర్నాడు నాలుగింటికి కేక వేశారు. గుర్తుల వేళ కాదది.

“అమ్మాయ్, ఇదేంటి?”

“ఏది అత్తయ్యా?”

“ఈ దీపం.”

“దీపంలాగే ఉంది.”

“దీపమని నాకూ తెలుసు. ఎక్కడిది?”

“మీరు తెచ్చుకున్నదే అయ్యుంటుంది. మీ సామాను నాకేం తెలుస్తుంది? నేను గుర్తులు గీసేదాన్నే కదా.”

ఆవిడ తిడతారనుకున్నాను. తిట్టలేదు. దీపం బొమ్మ వంక చాలాసేపు చూశారు. తర్వాత నెమ్మదిగా ఆట సాగించారు. వారంలో గుహ దాటారు, నెలలో కోట గుమ్మానికి చేరారు. నాకు కూరలో ఉప్పు సరిపోయిందన్న కితాబు వచ్చింది. కొంటెపని ఫలించిందని లోలోపల మురిసిపోయాను కూడా.

తర్వాత గమనించాను. బజారునుంచి వచ్చినప్పుడల్లా ఆవిడ సంచీ నా ముందు బల్లమీద బోర్లించేవారు. “చూడు, అన్నీ మనవేగా?” అని అడిగేవారు. బంగాళాదుంపలు, సబ్బు, చీటీ, కళ్ళజోడు పెట్టె. అన్నీ మనవే అత్తయ్యా అంటే తలూపి మళ్ళీ సర్దుకునేవారు. ఆదివారాలు తాళాలాయన “ముక్కుసూటి పెద్దమ్మా, ఎక్కడిదాకా వచ్చింది?” అంటే, “ఏదో, వస్తోందిలే” అని మాట మార్చేవారు. ఒకరోజు కాంపౌండరును వాకిట్లోకి తీసుకెళ్ళి మతిమరుపుకు మాత్రలు అడిగారు. ఆయన ఎర్రటి బలం మాత్రలు ఇచ్చాడు. రోజూ ఒకటి, టీతో వేసుకునేవారు.

చేసింది నేనే అని అప్పుడే చెప్పాల్సింది. దొంగకు తేలు కుట్టినట్టు ఉండిపోయాను. రేపు చెబుదాం, ఆదివారం చెబుదాం, మాత్రల సీసా అయిపోయాక చెబుదాం అనుకున్నాను. సీసాలో పదకొండు మిగిలి ఉండగా ఒక పొద్దున ఆవిడ నిద్ర లేవలేదు.

రెండు నెలలు ఎవరూ ఆట ఊసెత్తలేదు. ఆ తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం తాళాలాయనా కాంపౌండరూ బిస్కెట్ల పొట్లంతో వచ్చారు.

“వదినా, పెద్దమ్మ ఆట కోట గుమ్మం దగ్గర ఆగిపోయిందట కదా. అన్నయ్య చెప్పాడు. మనం పూర్తిచేద్దాం. ఒక్క పెట్టె ముట్టకుండా కోట గెలిచింది పెద్దమ్మేనని వీధంతా చెప్తాను” అన్నాడు తాళాలాయన.

ఆవిడ గుర్తులు ఎక్కిస్తే సామాను సంచీ కనపడుతుంది. సంచీలో దీపం ఉంది. దీపం ఎక్కడ దొరుకుతుందో తాళాలాయనకు తెలుసు.

“మిషను దుమ్ము పట్టిపోయిందండీ” అన్నాను.

“నేను నిన్ననే తుడిచాను” అన్నారు మా ఆయన.

“వైరు తెగినట్టుంది.”

“బానే ఉందిగా.”

“నోటుపుస్తకం ఎక్కడ పెట్టానో.”

“గూట్లో ఉంది, అదిగో.” పెళ్ళయిన ఇరవై మూడేళ్ళలో ఆయన నాకు ఏ వస్తువైనా వెతికిపెట్టింది ఆ రోజే.

తాళాలాయన గుర్తులు ఎక్కించాడు. ఒక్కటైనా తప్పు గీసి ఉంటే బాగుండునని నిలువెల్లా కోరుకున్నాను. కుయ్ అనలేదు. నా దస్తూరి మీద నాకు మొదటిసారి అసహ్యం వేసింది.

కోట గుమ్మం ముందు నీలం అంగీ మనిషి నిలబడ్డాడు. ఏ మందు ఎంత ఉందో చూద్దామని తాళాలాయన సంచీ తెరిచాడు. చూసి, మీటల పెట్టె ఒళ్ళో పెట్టుకున్నాడు. కాంపౌండరు ముందుకు వంగాడు.

“అది దీపం కదూ?”

“దీపమే.”

“అంటే ముసలమ్మ పెట్టె...”

“ఆఁ.” తాళాలాయన నవ్వబోయి మానేశాడు. “పోనీలెండి. ఎవరైనా ఎన్నాళ్ళని గోడలకు గుద్దుకుంటారు? పెద్దమ్మ కూడా మనిషేగా.”

“మా అమ్మ తియ్యదు” అన్నారు మా ఆయన.

“తియ్యకుండా ఎట్లా వస్తుంది అన్నయ్యా? అది అమ్మే వస్తువు కాదు.”

“తియ్యదు అంటున్నానుగా.”

కాంపౌండరు మా ఆయన వైపు తిరిగాడు. “బావగారూ, చెప్పకూడదనుకున్నాను. ఆవిడ నన్ను మతిమరుపుకు మాత్రలడిగారు. నా చెయ్యి నాకు తెలియకుండా ఎవరి సొమ్మో ముట్టుకుంటోంది నాయనా అన్నారు. ఎక్కడా ఏమీ పోలేదు కదమ్మా అంటే, ఒకచోట పోయింది, నాకు గుర్తు లేదు అన్నారు. పాపం, తెలియక తీసి ఉంటారు.”

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటారని చెప్తారు. ఇక్కడ దొంగ అని పిలవబడుతున్నది వేరే మనిషి. ఆ మనిషి వచ్చి కాదని చెప్పుకోలేదు.

“ఆవిడ కాదు” అన్నాను. “నేను. ఒక బుధవారం ఆవిడ ఇంజక్షనుకి వెళ్ళినప్పుడు పెట్టె నేను తెరిచాను. అడిగితే మీరే తెచ్చుకున్నారని చెప్పాను.”

ముగ్గురూ నావైపు తిరిగారు. అంతమంది ఒకేసారి నన్ను చూడటం పెళ్ళి తర్వాత మళ్ళీ ఆ రోజే.

“ఎందుకు?” అన్నారు మా ఆయన.

“ఆవిడ కూరలు బాలేవంటున్నారని.”

ఇప్పుడు రాస్తుంటే నవ్వొస్తోంది గానీ, అప్పుడు ఎవరూ నవ్వలేదు. “నా ముందు కూడా సంచీ బోర్లించింది. చాదస్తం అని కసిరాను” అన్నారు మా ఆయన నెమ్మదిగా, ఎవరితోనో చెప్తున్నట్టు. లేచి పెరట్లోకి వెళ్ళిపోయారు.

కాసేపటికి తాళాలాయన అన్నాడు, “అయితే పెద్దమ్మ దొంగ కాదు. ఆ మాట నేను రేపే వీధిలో చెప్తాను. కానీ వదినా, న్యాయం న్యాయమే. దీపం లేకుండా గుహ దాటలేదు కూడా. ముక్కుసూటిగా ఈ ఆట కుదరదు. అది చేసినవాళ్ళే దొంగతనం నేర్పి పంపించారు.”

“ఇంకో ఏడాది ఉంటే దాటేవారు” అన్నాడు కాంపౌండరు.

“పదేళ్ళున్నా దాటరు. నేను ప్రయత్నించాను కదా.”

“నీకు చేతకాకపోతే గుహది తప్పా? ఆడలేక మద్దెల ఓడన్నాడట.”

“దాటొచ్చు” అన్నాను నేను. “దాటి చూపిస్తాను. మొదటినుంచీ మొదలుపెట్టి, ఒక్క పెట్టె ముట్టకుండా.”

“నువ్వా వదినా? నీకు ఆటేం వచ్చు?”

“గోడకు గుద్దుకోవడం వచ్చు. చీకట్లో అంతకన్నా ఏం కావాలి?”

దాటితే, ఆవిడకూ అది సాధ్యమేనని తాళాలాయన తన కొట్టు ముందు నిలబడి ఒప్పుకోవాలి. దాటకపోతే, ముక్కుసూటి పేరు ఇక ఎవరూ ఎత్తకూడదు. అదీ ఒప్పందం. కాంపౌండరు సాక్షి.

మా ఆయన రెండు రోజులు నాతో ఒక్కొక్క మాటే మాట్లాడారు. ఉప్పు. తలుపు. సబ్బు. మూడోరోజు డిపోనుంచి వచ్చి, చెప్పులు విప్పుతూ, “నాలుగు దాటింది. మొదలుపెట్టలేదా?” అన్నారు. మర్నాటినుంచి పొద్దుటి షిఫ్టుకు మార్పించుకుని మూడున్నరకే ఇంట్లో ఉండేవారు. ఎందుకని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఏడు నెలలు ఆడాను. ఊళ్ళూ దారులూ పద్దెనిమిదేళ్ళుగా చూసినవే కాబట్టి ఆవిడకు పట్టినంత కాలం పట్టలేదు. జిగురుముద్దల్ని కొట్టాను, కొట్టించుకున్నాను. గడ్డపాయన ఎదురుపడితే వాళ్ళావిడ వచ్చిందో లేదో కనుక్కున్నాను. బావి పక్క ముసలమ్మ ఇంటికి వెళ్ళి, పెట్టె వంక చూడకుండా ఆవిడ ఎదురుగా కాసేపు నిలబడి, చెప్పింది విని వచ్చేశాను. ఇల్లు ఇల్లులా లేదు. మజ్జిగలో ఒకరోజు ఉప్పుకు బదులు పంచదార పడింది. “మా అమ్మ ఉంటే అనేది” అన్నారు మా ఆయన. “ఏమనేవారు?” అన్నాను. “నీ ఆట బాగుపడుతోంది అనేది.”

గుహకు చేరాక గళ్ళ కాగితాలు తెప్పించాను. గోడ తగిలితే మిషను “డుబ్” అంటుంది. అడుగు పడితే ఏమీ అనదు. నేను చెవి పెట్టి నడిచేదాన్ని. మా ఆయన పక్కన కూర్చుని డుబ్‌మన్న గడిలో అడ్డగీత, ఊరుకున్న గడిలో చుక్క పెట్టేవారు. గుర్తులు దిద్దేసే మనిషి చుక్కలు మాత్రం బుద్ధిగా పెట్టారు. పదకొండు కాగితాలు అంటించాక అది గుహలా కనపడింది.

ఆదివారం నాడు అందరినీ పిలిచాను. తాళాలాయన ముందు మా ఇంటి అటకల దాకా వెతికాడు, దీపమున్న పాత గుర్తుల కాగితం ఎక్కడైనా దాచానేమోనని. తెర మీద సంచీ తెరిపించి రెండుసార్లు చూశాడు. లేదు.

“ఇక వెళ్ళు వదినా. వెళ్ళి, రా.”

“రాను. అవతలికే పోతాను.”

తెర నల్లబడింది. మా ఆయన కాగితం మీద వేలు పెట్టి చదువుతున్నారు. “ఎడమకు తొమ్మిది. పైకి నాలుగు. ఆగు. కుడికి ఒకటి.” మధ్యలో ఏదో జంతువు వచ్చి మీద పడింది. కొట్టాను. మళ్ళీ నడిచాను. కాంపౌండరు గోళ్ళు కొరుకుతున్నాడు. “గోళ్ళు మింగకండి, దానికి మీ దగ్గర మందు లేదు” అన్నాడు తాళాలాయన. ఎవరూ పట్టించుకోలేదు.

“పైకి పద్నాలుగు” అన్నారు మా ఆయన.

తొమ్మిదో అడుగు దగ్గర డుబ్‌మంది.

“లెక్క తప్పింది” అన్నాడు తాళాలాయన వెంటనే.

లెక్క తప్పలేదు. జంతువును కొట్టిన గాభరాలో నేను ఒక గడి ఎక్కువ జరిగాను. వెనక్కి ఒక అడుగు వేసి, చెవి పెట్టి, గోడ తడుముకుంటూ ఎడమకు జరిగాను. డుబ్. ఇంకో అడుగు వెనక్కి వేసి, మళ్ళీ ఎడమకు. చప్పుడు లేదు. సరిగ్గా అప్పుడే పెరట్లో కుళాయి గురగురమంది. మా వీధికి రోజు విడిచి రోజు అరగంట నీళ్ళు వదులుతారు. ఆదివారాలు వేళాపాళా ఉండదు. ఆ అరగంటలో పట్టుకోకపోతే మంగళవారం దాకా చుక్క ఉండదు.

“కుళాయొచ్చింది” అన్నారు మా ఆయన, వేలు కాగితం మీదనుంచి తియ్యకుండా.

“వింటున్నాను. ఎన్ని?”

“ఇంకా ఎనిమిది. పైకి.”

“నేను వెళ్ళి బకెట్టు పెట్టొస్తా వదినా” అని తాళాలాయన లేవబోయాడు.

“కూర్చోండి. తర్వాత చూడలేదంటారు.”

ఎనిమిది అడుగులు వేశాను. ఎనిమిదోది పడగానే తెరంతా తెల్లగా వెలిగింది. పచ్చగడ్డి, ఆ అవతల నీళ్ళు, నీళ్ళ అవతల కోట. కాంపౌండరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మా ఆయన కాగితాన్ని మడతపెట్టబోయి, మళ్ళీ విప్పి, మొదటి చుక్కనుంచి చివరి చుక్కదాకా ఒకసారి వేలుతో వెళ్ళొచ్చారు.

“సరే” అన్నాడు తాళాలాయన. “దాటొచ్చు.”

“ఎవరు దాటొచ్చు?”

“పెద్దమ్మ దాటేది. రేపు పొద్దున కొట్టు ముందు చెప్తాను. తాళంచెవుల సంగతి మాత్రం ఒప్పుకోను.”

“ఒప్పుకోకండి.”

పెరట్లో నీళ్ళు ధారగా పడుతున్న చప్పుడు వినపడుతోంది. కింద బకెట్టు లేదు, గచ్చు మీద పడి కాలవలోకి పోతున్నాయి. డ్రమ్ము ఖాళీ. తొట్టి ఖాళీ. వంటింట్లో రెండు చెంబులున్నాయేమో.

“ఏమోయ్, ఇప్పుడైనా లే. సగం టైమైపోయింది” అన్నారు మా ఆయన.

“రేపు పక్కింట్లో రెండు బకెట్లు అడుక్కుందాం” అన్నాను, మన మనిషిని గడ్డి మీదుగా నీళ్ళవైపు నడిపిస్తూ. ఆయన పెరటివైపు ఒకసారి, తెరవైపు ఒకసారి చూసి, తన కుర్చీని ముందుకు జరుపుకున్నారు.